సీరియల్ దాటేసిన ఆరు వారాలు

4వ రోజు

ఈ డైరీని ఫోన్‌లో, ఎడమచేతి బొటనవేలితో మొదలుపెడుతున్నాను. నాలుగు రోజుల కిందట మెట్లు దిగుతూ, అదే ఆఖరి మెట్టనుకుని అడుగేశాను. ఇంకొకటి ఉంది. పడబోతూ కుడిచెయ్యి ముందుకు చాపాను, ఒంటి బరువంతా అరచేతి మీద పడింది. మణికట్టుకు కాస్త పైన రేడియస్ ఎముక విరిగింది. పక్కనుంచి చూస్తే చెయ్యి బోర్లించిన ఫోర్కులా వంకర తిరిగి ఉంది. డాక్టరుగారు లాగి సరిచేసి, మోచేతి కింది నుంచి వేళ్ల మొదళ్ల దాకా కట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలన్నారు.

ఆరు వారాలు అని వినగానే నా సీరియల్ గుర్తొచ్చింది. పేరు రాయను, ఇంకా చూడనివాళ్లకు కథ ముందే తెలిసిపోతుంది. కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళం కథ. అందులో ఒక జట్టు: ఆమె ఎక్కుతుంది, అతను కింద నిలబడి తాడు పట్టుకుంటాడు. ఒకే ఈడువాళ్లు, పదేళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్లు. మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో అతను బండ మీద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంటాడు. నాలుగో సీజన్ మొదలవగానే నల్లటి తెర మీద మూడు మాటలు పడతాయి: ‘ఆరు వారాల తర్వాత’. మరుక్షణం అతను మళ్లీ తాడు దగ్గర ఉంటాడు.

ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ మూడు మాటల దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఇప్పుడు వాటి లోపల నేనున్నాను.

ఎనిమిదేళ్లుగా ఫ్యాన్‌ఫిక్షన్, అంటే ఇష్టమైన కథల్లోని పాత్రలతో అభిమానులు అల్లుకునే కథలు, రాస్తున్నాను, ఎక్కువగా ఈ సీరియల్ మీదే. అందుకే ఈ పని పెట్టుకున్నాను: తెర చూపించని ఆ ఆరు వారాల కథ రాస్తాను. ఆరు అధ్యాయాలు, వారానికొకటి. నియమం ఒక్కటే. నా చేతికి ఒక వారం గడవకముందు అతని చేతికి ఆ వారం రాయకూడదు.

6వ రోజు

చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచమన్నారు, లేకపోతే వాపు తగ్గదట. రెండు దిండ్లు, వాటి మీద కట్టు, ఎడమచేతిలో రిమోట్. ఇలా పడుకుని పుస్తకం పట్టుకోలేను, కంప్యూటర్ ముందు కూర్చోలేను. తెర చూడడం ఒక్కటే కుదురుతుంది. కాబట్టి రాయడానికి ముందు చూడడం.

మూడో సీజన్ చివరి ఎపిసోడ్, నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్, రెండూ మూడేసి సార్లు చూశాను. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం ఆపేసి, అతని చేతులు మాత్రమే. మూడోసారి కళ్లు మూసుకుని, మాటలు మాత్రమే. తోచినవన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

చేతులు మాత్రమే చూసినప్పుడు దొరికింది అసలు సరుకు. అంబులెన్సులో అతని స్లింగ్ వదులుగా ఉంది, చెయ్యి మోచేతి కంటే కిందికి వేలాడుతోంది. అలా ఉంటే వేళ్లు ఇంకా వాస్తాయి. నాకు నర్సు మొట్టమొదట సరిచేసింది ఆ ఎత్తునే. ఇంతకుముందు నాకది తప్పులాగే కనపడేది కాదు.

రెండోది చూసి లేచి కూర్చున్నాను. నాలుగో సీజన్‌లో, ఆ నల్ల తెర తర్వాత, అతను తాడును ఎడమచేత్తో అందుకుంటాడు. తర్వాత కుడిచేతికి మారుస్తాడు. ఒక్క క్షణం. ముందు సీజన్లలో ఎక్కడా అలా చేయలేదు, వెనక్కి వెళ్లి పన్నెండు దృశ్యాలు చూసి మరీ రాస్తున్నాను. నటుడు తెలిసి చేసిన పనేనని నా నమ్మకం. కథ దాటేసిన ఆరు వారాలను అతని చెయ్యి దాటేయలేదు. నా కథ ఆ క్షణం దగ్గర ముగుస్తుంది. ముగింపు మొదటే దొరకడం నాకు ఇదే మొదటిసారి.

సీరియళ్లు కట్టు రోజుల్ని ఎందుకు దాటేస్తాయో ఊహించగలను. దృశ్యాలను కథ వరసలో తీయరు. పదో దృశ్యం ఇవాళ తీస్తే మూడోది ఎప్పుడో తీస్తారు. ఏ రోజుకు కట్టు ఎంత మాసిందో, మరక ఏ వైపుందో స్క్రిప్ట్ సూపర్‌వైజర్ ప్రతి షాట్‌కూ రాసిపెట్టుకోవాలి. పైగా ఎపిసోడ్‌కు పరుగు కావాలి, అతుక్కునే ఎముకకు తొందర ఉండదు. కాగితం మీద రాసేవాళ్లకు ఆ తంటాలేవీ లేవు, అందుకే ఇలాంటి ఖాళీలు మా పాలిట పడతాయి. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అయినా ఆమె పెళ్లి మనందరికీ తెలుసు. ఖాళీ చూసి కథ పెట్టడం మనకు కొత్తేమీ కాదు.

8వ రోజు

గొంతుతో రాయడం మొదలుపెట్టాను. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017లోనే వచ్చింది, ఇన్నాళ్లూ చిన్న చిన్న సందేశాలకు తప్ప వాడలేదు. రెండు గంటల్లో 640 పదాలు వచ్చాయి.

చుక్కలు, కామాలు లేకుండా అంతా ఒకే ముద్దగా వస్తోంది. ‘కట్టు’ అన్నప్పుడల్లా ‘గట్టు’ పడుతోంది. ఇవి తర్వాత దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఇంకొకటి ఉంది: పైకి చెబుతుంటే నా వర్ణన ఉపన్యాసంలా సాగిపోతోంది. రాసేటప్పుడు మధ్యలో ఆగి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టే అలవాటు నాది. గొంతు ఆగితే ఫోన్ ఆగిపోతుంది, ఆ భయానికి ఏదో ఒకటి అనేస్తున్నాను.

సంభాషణలకు మాత్రం మేలు జరిగింది. అతని మాటను నోటితో అనాలి కాబట్టి అతని గొంతులోనే అంటున్నాను. ‘నాకు చాలా నొప్పిగా ఉంది’ అని చెప్పించబోతే నాలుక ముందుకు పోలేదు. కళ్లు మూసుకుని విన్న విడతలో గమనించిందీ ఇదే. మూడు సీజన్లలో అతను ఎన్ని దెబ్బలు తిన్నా ‘నొప్పి’ అనలేదు, ‘భయం’ అనలేదు.

ఇకపై వర్ణన బొటనవేలితో, సంభాషణ గొంతుతో.

10వ రోజు

నిద్ర లేదు. కట్టు లోపల దురద. పుల్ల దూర్చాలనిపించింది, దూర్చకూడదు. చర్మం గీరుకుంటే లోపల పుండు పడుతుంది, కట్టు విప్పేదాకా కనపడదు. రెండో సీజన్‌లో నాలుగు ఎపిసోడ్లు చూశాను. రాసింది సున్నా.

13వ రోజు

ఈ రోజు కంప్యూటర్ ముందు కూర్చోగలిగాను. కట్టు దిండు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద.

నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో టైపు చేస్తాను. అందులో అచ్చులూ గుణింతాలూ దాదాపు అన్నీ ఎడమవైపు ఉంటాయి, హల్లులు దాదాపు అన్నీ కుడివైపు. కుడిచెయ్యి హల్లు వేస్తుంది, ఎడమచెయ్యి గుణింతం తగిలిస్తుంది, కుడి, ఎడమ, కుడి, ఎడమ, దంపుళ్ల పాటలో రోకళ్లలా. ఆ లయ వల్లే అంత వేగం వస్తుంది. ఇప్పుడు నా దగ్గర దీర్ఘాలు, గుడులు, కొమ్ములు అన్నీ ఉన్నాయి. తగిలించడానికి అక్షరాలు లేవు.

ఎడమచెయ్యిని కుడివైపుకు దాటించి కొట్టవచ్చు. కొట్టి చూశాను. ప్రతి హల్లుకూ చెయ్యి తన చోటు వదిలి వెళ్లి, మళ్లీ తడుముకుంటూ రావాలి. మూడు వాక్యాలకు పావుగంట పట్టింది. చివరికి అసలు ఎడమచేతి కింద ఏమున్నాయో చూద్దామని, చెయ్యి కదపకుండా అందిన మీటలన్నీ వరసగా నొక్కాను.

మ. న. వ. షిఫ్ట్‌తో ణ. ఇంతే.

క చ ట త ప, పరుషాలన్నీ కుడిచేతి కిందే. గ జ డ ద బ, సరళాలూ అటే. య ర ల స హ కూడా అటే. ముక్కుతో పలికేవి మూడు, పెదవి దగ్గర జారిపోయేది ఒకటి, ఎడమచేతికి మిగిలినవి. ఇన్నేళ్లు టైపు చేసినా, నా భాషలోని గట్టి శబ్దాలన్నీ ఒక చేతిలో పెట్టుకున్నానని గమనించలేదు.

ఈ నాలుగింటితో ఏ మాటలొస్తాయో రాసుకుంటూ పోయాను. నేను. నువ్వు. మనం. అమ్మ. వాన. మౌనం. నవ్వు. అవును. ఏమో. విను. ఉన్నావా. ఉన్నాను. నమ్మను. పేజీ నిండింది. చెయ్యి విరిగాక మొదటిసారి కీబోర్డు చూడకుండా, ఆగకుండా టైపు చేశాను. కళ్లలో నీళ్లొచ్చాయి.

తర్వాత రాని మాటల జాబితా. చెయ్యి రాదు. కట్టు రాదు. తాడు రాదు. గాయం రాదు. నొప్పి రాదు, ‘ప’ కావాలి. భయం రాదు. ‘మీరు’ కూడా రాదు, ‘ర’ అటువైపు ఉంది. నా ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకునేవాళ్లు కావడం కలిసొచ్చింది.

నొప్పి, భయం. అతను ఎన్నడూ అనని రెండు మాటలూ ఎడమచేతికి అందడం లేదు. ఒక దృశ్యమైనా పూర్తిగా ఈ చేతితోనే రాయాలి. ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియదు.

ఒంటిచేత్తో టైపు చేసేవాళ్లకు పనికొస్తుందని ఒక మాట. షిఫ్ట్, అక్షరం కలిపి నొక్కడం కష్టమైతే స్టికీ కీస్ పెట్టుకోండి. విండోస్‌లో షిఫ్ట్‌ను వెంటవెంటనే అయిదుసార్లు నొక్కితే ఆ ప్రశ్న తెర మీదకొస్తుంది. ఆ తర్వాత షిఫ్ట్ నొక్కి వదిలేసి, అక్షరం విడిగా నొక్కవచ్చు.

16వ రోజు

మొదటి అధ్యాయం 1,150 పదాలు. రెండోది సగం. రెండూ అతని ఆలోచనల్లోంచే సాగుతున్నాయి. దురద, నిద్రలేని రాత్రి, దిండ్లు, అన్నీ వచ్చేశాయి.

20వ రోజు

మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక పక్కకు జరగలేదు. విరిగిన గీత ఇంకా కనిపిస్తూనే ఉంది, అది చూసి నీరుగారిపోయాను. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మొదట విరిగిన చోట రక్తం గడ్డకడుతుంది, తర్వాత ఆ చోట మెత్తటి కణజాలం పెరుగుతుంది, మెల్లగా అది గట్టిపడి ఎముక అవుతుంది. కాలస్ అంటారు. కట్టు విప్పాక కూడా నెలల తరబడి ఎముక తన ఆకారాన్ని దిద్దుకుంటూనే ఉంటుందట. ఫోన్‌లో రికార్డు చేసుకోనా అని అడిగితే నవ్వి సరేనన్నారు.

ఈ రకం ఫ్రాక్చర్‌కు కోలిస్ ఫ్రాక్చర్ అని పేరు. అబ్రహాం కోలిస్ అనే ఐర్లండ్ సర్జన్ 1814లో దీన్ని వర్ణించాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే ఎనభై ఏళ్ల ముందే, పై వంకర చూసి, వేళ్లతో తడిమి, లోపల ఎముక ఎక్కడ విరిగిందో చెప్పాడు. ఈ సంగతి పడుకునేదాకా మనసులో మెదులుతూనే ఉంది.

24వ రోజు

నా కథలకు మొదటి పాఠకురాలు అక్క. ఈ లోకంలో బీటా రీడర్ అంటారు. ఇవాళ ఫోన్ చేసింది.

“రెండు అధ్యాయాలూ చదివానే. నీ నొప్పి బాగా తెలిసింది. అతనెక్కడ?”

“అంతా అతనే కదక్కా.”

“అతను కిటికీ దగ్గర కూర్చుని తన గురించి మూడు పేజీలు ఆలోచించే మనిషా? ఒంటిచేత్తోనైనా తాళ్లు చుట్టుకుంటూ కూర్చుంటాడు.”

నాకు కోపమొచ్చింది. ఆ మూడు పేజీలూ రాయడానికి నాకు పది రోజులు పట్టింది, ఒక్క బొటనవేలితో. ఫోన్ పెట్టేశాక మూడో సీజన్ పెట్టి, మళ్లీ శబ్దం లేకుండా చూశాను. అక్క చెప్పిందే నిజం. బాధ కలిగినప్పుడల్లా అతను పనిలో పడతాడు. కారాబినర్లు, అంటే తాడు తగిలించే ఇనప కొక్కేలు, తుడుస్తాడు, తాడు పొడవునా వేళ్లతో తడిమి ఎక్కడైనా నలిగిందేమో చూస్తాడు. ఒక్కసారి కూడా కూర్చుని తనను తాను తలుచుకోడు. నా బాధను చెప్పుకోవడానికి అతని పేరు వాడుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఇష్టపడుతున్న మనిషికి అలా చేసినందుకు సిగ్గేసింది.

26వ రోజు

రెండు అధ్యాయాలూ పక్కన పెట్టేశాను. 2,300 పదాలు. చెరిపేయలేదు, వేరే ఫైల్లో దాచాను.

ఫ్యాన్‌ఫిక్షన్‌లో ‘హర్ట్/కంఫర్ట్’ అని పెద్ద విభాగమే ఉంది: ఒకరికి దెబ్బ, మరొకరు దగ్గర కూర్చుని ఊరట. నేను ఈ రాతలోకి వచ్చిందే ఆ తలుపు గుండా. 1967లో స్టార్ ట్రెక్ అభిమానులు స్పాకనేలియా అనే పత్రికను సొంతంగా వేసుకున్నారు. వాళ్ల నుంచి 2009లో తెరుచుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్‌ఫిక్షన్ వెబ్‌సైట్ దాకా ఎందరో రాస్తూ వచ్చారు. ఆ ఆర్కైవ్‌కు 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం వచ్చినప్పుడు మా ఇంటికే వచ్చినంత సంబరపడ్డాను. ఈ మూడు రోజులూ ఆ విభాగంలో నాకిష్టమైన కథలన్నీ మళ్లీ చదివాను. చాలా కథల్లో ఊరట ఒక్క రాత్రిలో అయిపోతుంది. జ్వరం, తడిగుడ్డ, మంచం పక్కన కుర్చీ, తెల్లారేసరికి కళ్లు తెరవడం. బాగుంటాయి, ఇప్పటికీ ఏడుస్తాను. కానీ ఇరవై ఆరో రోజున సీసా మూత ఎవరు తీస్తారు? చొక్కా గుండీలు ఎవరు పెడతారు? అడిగీ అడిగీ మొహమాటం ఎప్పుడు పోతుంది, విసుగు ఎప్పుడు మొదలవుతుంది? వాటిని ఎవరూ రాయలేదని అనను, నాకు కావలసినంత దొరకలేదు.

మధ్యాహ్నం కోలిస్ మళ్లీ గుర్తొచ్చాడు. లోపలికి చూసే సాధనమేదీ లేకుండా, బయటి నుంచే చూసి చెప్పినవాడు. కథ ఆమె వైపు నుంచి రాయాలి. ఆమెకు అతని మనసు కనపడదు. మూత తీయలేక సీసాను మోకాళ్ల మధ్య నొక్కిపట్టడం కనపడుతుంది. తలుపు ఎడమచేత్తో తెరవడం కనపడుతుంది. అంతకంటే ఆమెకు ఏమీ తెలియకూడదు.

గంటలో 500 పదాలు చెప్పాను. ఫోన్ ‘గట్టు’ అన్న చోటల్లా అలాగే వదిలేశాను.

33వ రోజు

నాలుగో అధ్యాయం. వాన రాత్రి, ఆమె అతని ఇంటికి వస్తుంది. అతను తలుపు తీయడు. తలుపుకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటారు. ఎడమచేతి దృశ్యం ఇక్కడే పెట్టాలని తేలిపోయింది. చుక్కలు, కొటేషన్లు మాత్రం తర్వాత పెట్టుకున్నాను, అవి అటువైపున్నాయి.

“ఉన్నావా.”
“ఉన్నాను.”
“వాన.”
“విన్నాను.”
“నవ్వవు. ఏమీ అనవు.”
“ఏమనను?”
మౌనం.
“నన్ను నమ్మవా?”
“నువ్వు వినవు.”
“నేను మానను.”

ఇరవై నిమిషాలు పట్టింది. ఇందులో నా కుడిచేతి అక్షరం ఒక్కటి లేదు. రాయడం అయ్యాక పైకి చదివాను, అతని గొంతులో. ఎక్కడా నాలుక అడ్డుపడలేదు.

అక్కకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్.

“‘మానను’ అంటే పని మాననని అంటున్నాడా, గాయం మాననని అంటున్నాడా?”

నేను రాసింది పని మానడం గురించే. రెండో అర్థం ఉందన్న సంగతి అక్క అడిగేదాకా తట్టనే లేదు. అదే చెప్పాను.

“తట్టకపోవడమే మంచిదైంది,” అంది. “ముట్టుకోకు. అలాగే ఉంచు.”

38వ రోజు

తాడు పని గురించి చదువుతున్నాను. ఎక్కేవాళ్లకు కింద తాడు పట్టడాన్ని బిలే అంటారు. తాడు ఒక పరికరం గుండా వెళ్తుంది. పైన మనిషి జారితే ఆ పరికరంలో తాడు ఒరుసుకుని ఆగుతుంది, కానీ అవతలి కొసను పట్టుకున్న చెయ్యి బిగించి ఉంటేనే. ఆ చేతిని బ్రేక్ చెయ్యి అంటారు. ఏం జరిగినా అది తాడు వదలకూడదు, నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పే పాఠం అదే. అతని బ్రేక్ చెయ్యి కుడిది. విరిగిందీ అదే.

ఇది తెలిశాక తలుపు దృశ్యంలో ‘నన్ను నమ్మవా?’ బరువు మారిపోయింది. అది మనసు మాట అనుకుంటూ రాశాను. ఆమె ప్రాణం మాట కూడా. ఆరు వారాల చేతికి ఆమె వేలాడాలి.

అయిదో అధ్యాయం దొరికింది: అతను ఎడమచేత్తో బ్రేక్ పట్టడం నేర్చుకుంటాడు. ఒంటరిగా, చెట్టుకు ఇసుక మూట వేలాడదీసి. ఆమె దూరం నుంచి చూస్తుంది, చూసినట్టు చెప్పదు. నాలుగో సీజన్‌లో అతను ఎడమచేత్తో ఎందుకు అందుకుంటాడో నాకు ఇప్పుడు తెలుసు.

43వ రోజు

నిన్న కట్టు విప్పారు. కోసే రంపం గిర్రున తిరగదు, సన్నగా అటూ ఇటూ అదురుతుంది. గట్టి కట్టును కోస్తుంది, మెత్తటి చర్మం దానితో పాటు కదులుతుంది కాబట్టి తెగదు. ఆ మాట ముందే చెప్పినా కళ్లు మూసుకున్నాను.

ముంజేయి సన్నబడిపోయింది. చర్మం పొలుసులుగా రాలుతోంది. మణికట్టు వంగదు. పట్టు కొలిచే పరికరాన్ని నొక్కమన్నారు: ఎడమచెయ్యి 24 కిలోలు, కుడిచెయ్యి 7.

ఇంటికొచ్చి నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. నల్ల తెర. ఆరు వారాల తర్వాత. అతను ఎడమచేత్తో తాడు అందుకుని కుడిచేతికి మార్చాడు. నా ఎదురుగా దిండు మీద ఏడు కిలోల చెయ్యి ఉంది. ఇంతగా ఇష్టపడే దృశ్యం మీద మొదటిసారి కోపమొచ్చింది. ఈ చేతికి మనిషి ప్రాణం అప్పగించరు.

అభిమానులం తెర మీద జరిగినదాన్ని కానన్ అంటాం. కొందరు నచ్చనిది కొట్టేసి రాస్తారు, వాళ్లంటే నాకు గౌరవమే. నాకు మాత్రం తెర మీద జరిగినదేదీ మార్చకుండా, అది నిజమయ్యేలా రాయడం ఇష్టం. రాత్రంతా ఆలోచించి కూడా దారి దొరకలేదు.

50వ రోజు

ఫిజియోథెరపీ. మణికట్టు పైకి, కిందికి. వేళ్లు కొక్కెంలా, పిడికిలిలా, మళ్లీ చాచి. అన్నిటికంటే మొండికేస్తున్నది అరచెయ్యి పైకి తిప్పడం. బోర్లించడం వస్తోంది, వెల్లకిలా తిప్పడం సగంలో ఆగిపోతోంది. రేడియస్ ఎముక పక్కనున్న ఉల్నా మీదుగా తిరిగితేనే అరచెయ్యి తిరుగుతుందట. ఇన్నాళ్లు బిగుసుకున్న కీలు అంత దూరం రానంటోంది. మోచెయ్యి పక్కకు ఆనించి, చేతిలో చిన్న సుత్తి పట్టుకుని, దాని బరువుతో మెల్లగా తిప్పమన్నారు.

చేస్తుంటే తోచింది. చేయి చాచి తీసుకోవాలంటే ఈ కదలికే కావాలి. ఎవరైనా ఏదైనా అరచేతిలో పెట్టాలంటే ముందు అరచెయ్యి పైకి తిరగాలి.

సుత్తి కింద పెట్టి ఎపిసోడ్ మళ్లీ పెట్టాను. అతను తాడు మార్చే క్షణంలో ఫ్రేమ్ అంచున ఆమె భుజం ఉంది. ఎప్పుడూ ఉంది, నేనే చూడలేదు. ఆమె అక్కడే నిలబడి ఉంది. షాట్ మారాక అతని కుడిచెయ్యి తాడు మీద ఉంటుంది, కానీ బ్రేక్ కొస ఏ చేతిలో ఉందో కెమెరా చూపించదు.

దారి దొరికింది. బ్రేక్ కొస ఎడమచేతిలోనే ఉంటుంది. కుడిచేతిలోకి వెళ్లింది పైకి వెళ్లే తాడు, ఆ చేతికి దారి చూపించే పనే తప్ప బరువు మోసే పని ఉండదు. దాన్ని ఆ చేతిలో పెట్టేది ఆమె.

57వ రోజు

రెండు చేతులతో టైపు చేస్తున్నాను. కుడివైపు మీటలకు వేళ్లు ఆలస్యంగా వెళ్తున్నాయి, గుణింతం ముందే పడి అక్షరం కోసం ఎదురుచూస్తోంది. ఇరవై నిమిషాలకోసారి ఆగి చెయ్యి చాపుతున్నాను. ఆరో అధ్యాయం ఇలా ముగిసింది: అతను ఎడమచేత్తో కొస పట్టుకుని, కుడి అరచెయ్యి పైకి తిప్పుతాడు. సగమే తిరుగుతుంది. ఆమె మిగతా సగం కోసం ఆగదు, తాడు అందులో పెట్టి ఎక్కడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు దిద్దుబాటు. గొంతుతో చెప్పినవి చాలా కోతకు గురయ్యాయి. బొటనవేలితో రాసినవి చిన్న వాక్యాలు, వాటిని పెద్దగా ముట్టుకోలేదు. ఎడమచేతి దృశ్యంలోకి ఒకసారి వెళ్లి, రెండు చేతులూ ఉన్నాయి కదా అని ‘నవ్వవు’ పక్కన ‘తలుపు తీయవు’ చేర్చాను. పైకి చదివాను. తీసేశాను.

పక్కన దాచిన మొదటి 2,300 పదాల్లోంచి ఒకే ఒక్క వాక్యం తెచ్చుకున్నాను, రాత్రి మూడింటికి అతని గదిలో దీపం వెలుగుతుండడం. ఇప్పుడది వీధిలోంచి ఆమెకు కనపడుతుంది.

61వ రోజు

మొత్తం 8,740 పదాలు. నిన్న రాత్రి పూర్తయింది.

అక్క ఇవాళ వచ్చింది. కథ చదివేసి, పక్కన పెట్టి, ఏమీ అనకుండా “ఆ ఎపిసోడ్ పెట్టు” అంది. పెట్టాను. నల్ల తెర మీద మూడు మాటలు పడ్డాయి, పోయాయి. అతను తాడు కోసం చెయ్యి చాపాడు.

“ఆగు,” అంది అక్క, నా చేతిలో రిమోట్ వైపు చూపిస్తూ. “వెనక్కి తిప్పు. ఆమె భుజం చూడలేదు.”

వెనక్కి తిప్పాను.